సీసాలో రెండేళ్లుండే నీళ్లు

ఆ రబ్బరు పైపు మహా అయితే పది అడుగులు. ఆర్వో ట్యాంకు కుళాయికి ఒక కొస, షాంపూ కలిపే స్టీలు వెసెల్‌లోకి ఇంకో కొస. పని అయ్యాక ఆపరేటర్ దాన్ని చుట్ట చుట్టి గోడ మేకుకు తగిలించేవాడు. చుట్ట అడుగున, మడత పడ్డచోట, అరగ్లాసు నీళ్లు మిగిలిపోయేవి. శనివారం సాయంత్రం మేకెక్కిన పైపు సోమవారం పొద్దున దిగేది. హైదరాబాద్ శివార్లలో ఓ చిన్న కాస్మెటిక్స్ యూనిట్‌లో నేను ల్యాబ్ చూసుకుంటున్న రోజులవి. ఒక సోమవారం కలిపిన షాంపూ మూడు వారాలు తిరక్కుండానే పలచబడింది, ముక్కిన తడిగుడ్డ వాసన కొట్టింది. ట్యాంకులో నీళ్లు పరీక్షిస్తే శుభ్రంగానే ఉన్నాయి. పైపు కొస దగ్గర పట్టిన నీళ్లు క్రిములను పెంచి చూసే ప్లేటు మీద వేస్తే రెండో రోజుకల్లా ఆకుపచ్చ చాయతో పొర కట్టింది. మగ్గిన ద్రాక్షపళ్ల వాసన. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు ఆనవాలది. "నిన్ననే కడిగినం మేడమ్" అన్నాడు ఆపరేటర్. కడిగిన మాట నిజమే. ఆరబెట్టలేదు.

సౌందర్య సాధనాల తయారీలో నీళ్ల మాట వచ్చినప్పుడల్లా మా రంగంలో రెండు పక్షాలు తేలుతాయి. మందుల కంపెనీల్లో పనిచేసి ఇటు వచ్చినవాళ్లు ఒక పక్షం. హైదరాబాద్ చుట్టూ ఫార్మా ఎక్కువ కాబట్టి వీళ్లూ ఎక్కువే. క్రీమైనా షాంపూ అయినా మందుల ప్రమాణ గ్రంథమైన ఫార్మకోపియాలో చెప్పిన శుద్ధజలంతోనే చేయాలని వాళ్ల పట్టు. చిన్న తయారీదారులు రెండో పక్షం. "కుళాయి నీళ్లు తాగి బతుకుతున్నాం కదా, అవి ఒంటికి రాసుకోవడానికి పనికిరావా?" అని వాళ్లడుగుతారు. చాలాకాలం నేను మొదటి పక్షం మనిషినే. ఆ పైపు చూశాక రెండు వైపులా మళ్లీ తూచుకోవాల్సి వచ్చింది.

ముందు నీళ్ల వాటా ఎంతో చూడాలి. వంద గ్రాముల లోషన్‌లో 60 నుంచి 80 గ్రాములు నీళ్లే. షాంపూలో కూడా అంతే, ఇంకా ఎక్కువ కూడా. అంటే ఫ్యాక్టరీ వాడే అతిపెద్ద ముడిసరుకు నీరే. మిగతా ముడిసరుకు డ్రమ్ము వస్తే దాని వెంట పరీక్షల సర్టిఫికెట్ వస్తుంది, బ్యాచ్ నంబరు ఉంటుంది, తేడా వస్తే వెనక్కి పంపొచ్చు. బోరు నీళ్లకు సర్టిఫికెట్ రాదు. మే నెలలో వచ్చిన నీళ్లూ, వానలు పడ్డాక సెప్టెంబరులో వచ్చిన నీళ్లూ ఒకటి కావు. పేరు ఒకటే, సరుకు వేరు.

చట్టం చూస్తే రెండో పక్షానికే దగ్గరగా కనిపిస్తుంది. 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో షెడ్యూల్ ఎం-2 అని కాస్మెటిక్స్ ఫ్యాక్టరీల కోసం ఉండేది. నీళ్లు శుభ్రంగా, తాగడానికి పనికొచ్చేట్టు, రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు లేకుండా ఉండాలన్నది అందులో మాట. 2020 డిసెంబరులో కాస్మెటిక్స్‌కు విడిగా నిబంధనలు వచ్చినా, ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ వినిపించేది ఆ పాత మాటే: తాగే నీళ్లయితే చాలు.

మరి మన దేశంలో తాగే నీళ్లకు కొలమానం ఏమిటి? భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ వారి ఐఎస్ 10500. దాని ప్రకారం కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే ఆధారం లేనిచోట 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. కాఠిన్యం 200 లోపు ఉండాలి, గతిలేకపోతే 600 దాకా. సూక్ష్మజీవుల విషయానికొస్తే, 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై, కోలిఫామ్ కనిపించకూడదు. అవి మురుగు కలిసిందని చెప్పే గుర్తులు. కలరా, విరేచనాల నుంచి జనాన్ని కాపాడటానికి రాసిన ప్రమాణం అది. ఆ పనికి అది చాలా మంచిది. సూడోమోనాస్ ఊసు మాత్రం అందులో లేదు.

అదే బీఐఎస్, సీసాల్లో నింపి అమ్మే తాగునీటికి ఐఎస్ 14543 అని వేరే ప్రమాణం రాసింది. అందులో 250 మిల్లీలీటర్లకు సూడోమోనాస్ ఏరుగినోసా ఒక్కటీ ఉండకూడదంది. తాగే నీళ్లే కదా, రెండు ప్రమాణాలెందుకు? కుళాయి నీళ్లు ఆ పూటే గొంతులోకి దిగిపోతాయి. సీసా నీళ్లు నెలల తరబడి అల్మారాలో కూర్చుంటాయి, ఆ లోపల ఏ ఒక్క క్రిమి ఉన్నా పెరుగుతుంది. ఈ తేడా గుర్తించినవాళ్లు క్రీము డబ్బా దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మరచిపోయారో నాకు అర్థం కాదు. క్రీములో నీళ్లు రెండేళ్లుంటాయి. పైగా పక్కనే నూనెలు, గ్లిజరిన్, కలబంద రసం, ప్రోటీన్లు. క్రిమికి అది పెళ్లివారి విడిది.

లవణాల సంగతి మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. బోరు నీళ్లతో పప్పు ఎంత ఉడికించినా పలుకుగానే ఉంటుంది, సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి తెట్టు కడుతుంది. కాల్షియం, మెగ్నీషియం చేసే పని అది. ఫ్యాక్టరీలో ఇదే గొడవ ఇంకో రూపంలో వస్తుంది. జెల్‌కు చిక్కదనం ఇచ్చే కార్బోమర్ అనే పొడి ఉంది. నీళ్లలో లవణాలు ఎక్కువైతే అది చిక్కబడదు, ముద్దలా ఉండాల్సిన జెల్ జారిపోతుంది. షాంపూది ఇంకో తీరు. దానికి చిక్కదనం తెచ్చేది మామూలు ఉప్పే. కొంత వరకు ఉప్పు వేస్తే చిక్కబడుతుంది, ఆ గీత దాటితే ఒక్కసారిగా పలచబడుతుంది. నీళ్లలోనే లవణాలు ఏ రోజుకారోజు మారుతుంటే ఆ గీత ఎక్కడుందో కెమిస్టుకు దొరకదు. ఇనుము, రాగి చుక్కంత ఉన్నా నూనెలు త్వరగా చెడతాయి, తెల్ల క్రీము పసుపు తిరుగుతుంది. అందుకే లోహాలను పట్టి ఉంచే ఈడీటీఏ కలుపుతారు. నీళ్లలోంచి లోహాన్ని ముందే తీస్తే కలపాల్సిన రసాయనం తగ్గుతుంది. ఈ విషయంలో మొదటి పక్షం వాదన గట్టిది, దానికి ఎదురుచెప్పడానికి నాకేమీ కనిపించదు.

ఇక రెండో పక్షం వాదనలు. వాటిని తీసిపారేయడం సబబు కాదు.

"మేం నీళ్లు వేడి చేస్తాం" అంటారు. నిజమే. క్రీము చేసేటప్పుడు నీటి భాగాన్ని 70, 75 డిగ్రీల దాకా కాచి, అంతే వేడి ఉన్న నూనె భాగంతో కలుపుతారు. ఆ వేడికి బతికే మామూలు బ్యాక్టీరియా తక్కువ. కాకపోతే ఇందులో రెండు లొసుగులున్నాయి. షాంపూ, ఫేస్‌వాష్ లాంటివి చాలాచోట్ల కాచరు, చల్లగానే కలుపుతారు. రెండోది చూడటానికి చిన్నది, చేసే చెరుపు పెద్దది. కాచినప్పుడు కొంత నీరు ఆవిరైపోతుంది. తూకం సరిచేయడానికి ఆఖర్న, క్రీము చల్లారాక, నాలుగు మగ్గుల పచ్చినీళ్లు పోస్తారు. అంతసేపు కాచిన ఫలితం ఆ నాలుగు మగ్గులతో పోతుంది.

"ప్రిజర్వేటివ్ ఉంది కదా" అన్నది ఇంకో మాట. ఇది కూడా గాలి మాట కాదు. ఎంత శుద్ధమైన నీళ్లతో చేసినా, డబ్బా మూత తీసి వేలు పెట్టేది మనమే. 1977లో అట్లాంటాలో కంటి వైద్యుడు లూయీ విల్సన్, సూక్ష్మజీవ శాస్త్రవేత్త డొనాల్డ్ ఏహెర్న్ కలిసి రాసిన కేసులున్నాయి. క్రిములు చేరిన మస్కారా వల్ల ఆడవాళ్ల కంటి నల్లగుడ్డు మీద సూడోమోనాస్ పుండ్లు పడ్డాయి. ఇలాంటి సరుకులో వాడకంలో చేరే క్రిమిని ఆపేది ప్రిజర్వేటివే. ఫ్యాక్టరీ నీళ్లు ఎంత శుభ్రమైనా ఆ పని చేయలేవు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో ఫ్యాబులోసో అనే నేల తుడిచే ద్రవం సీసాలు 49 లక్షలు సూడోమోనాస్ భయంతో వెనక్కి పిలిచారు. తయారీలో ప్రిజర్వేటివ్ పడాల్సినంత పడలేదన్నది కంపెనీయే చెప్పిన కారణం. అది కాస్మెటిక్ కాదు, కానీ నీళ్లు, సబ్బు, సువాసన కలిపిన సరుకుగా షాంపూకు దగ్గరి చుట్టమే.

అయితే ప్రిజర్వేటివ్ మీదే భారమంతా మోపితే ఏమవుతుందో కూడా యూరప్ చూసింది. పారాబెన్లు అనే ప్రిజర్వేటివ్‌ల మీద జనానికి భయం పట్టుకున్నాక, మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే రసాయనం క్రీముల్లో, తడి తుడుపుగుడ్డల్లో విరివిగా వాడారు. చర్మం ఎర్రబడి, దద్దుర్లు లేచి జనం వైద్యుల దగ్గరికి వరస కట్టారు. 2013లో అమెరికా చర్మ అలర్జీ వైద్యుల సంఘం దాన్ని ఆ ఏటి ప్రధాన అలర్జీ కారకంగా ప్రకటించింది. కడిగేయకుండా ఒంటి మీదే ఉంచుకునే ఉత్పత్తుల్లో దాన్ని యూరోపియన్ యూనియన్ 2017 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మురికి నీళ్లను మందుతో సరిచేద్దామనుకుంటే ఆ మందు చివరికి పడేది మనిషి చర్మం మీదే. శుభ్రమైన నీళ్లతో మొదలుపెడితే ప్రిజర్వేటివ్ తన బలాన్ని ఫ్యాక్టరీలోనే ఖర్చుపెట్టేసుకోదు. ఇంట్లో వేలు పడే రోజుకు మిగిలి ఉంటుంది.

ఇంతవరకు తూస్తే త్రాసు మొదటి పక్షం వైపే ఒరుగుతుంది. కానీ వాళ్లకూ ఒక గుడ్డి నమ్మకం ఉంది: యంత్రం పెడితే నీళ్లు శుద్ధమైపోయినట్టేనని.

యంత్రం లోపల జరిగేది చూద్దాం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అదే వాటికి కాపలా. కానీ ఆర్వో పొరను క్లోరిన్ తినేస్తుంది. కాబట్టి ముందే కార్బన్ ఫిల్టరుతోనో, సోడియం మెటాబైసల్ఫైట్ చుక్కలతోనో క్లోరిన్ తీసేస్తారు. ఆ క్షణం నుంచి నీళ్లకు కాపలాదారు లేడు. ఆ కార్బన్ గుళికల సందుల్లోనే బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. అయాన్లు మార్చే రెజిన్ గొట్టం కూడా అంతే; లవణాన్ని అద్భుతంగా తీస్తుంది, క్రిమిని పెంచుతుంది. లవణాలను పసిగట్టే కండక్టివిటీ మీటరు మీద అంకె ఎంత తక్కువ చూపించినా క్రిములున్నాయో లేవో ఆ మీటరుకు తెలియదు. బర్ఖోల్డేరియా సెపేసియా అనే బ్యాక్టీరియా ఉంది. 1950లో వాల్టర్ బర్ఖోల్డర్ దీన్ని గుర్తించింది ఉల్లిగడ్డల కుళ్లులో. తిండి దాదాపు ఏమీ లేని డిస్టిల్డ్ వాటర్‌లో కూడా ఇది బతుకుతుంది, దానిలో కొన్ని రకాలకు పారాబెన్లు కూడా పెద్ద లెక్క కాదు. ఆసుపత్రుల్లో నీరసించిన రోగులకు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. శుద్ధజలం అనే పేరు విని అది పారిపోదు.

అందువల్లే నీళ్ల ప్లాంటు అంటే యంత్రం కొనడంతో తెమిలే పని కాదు. నీళ్లు ట్యాంకులో నిలవకుండా పైపుల్లో తిరుగుతూ ఉండాలి. దారిలో 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం ఉండాలి, ఆ దీపం కాలం తీరగానే మార్చాలి. వాడని కొమ్మ పైపులుంటే కోసేయాలి, ఎందుకంటే నిలిచిన నీళ్లలో పైపు గోడకు జిగురు పొర కడుతుంది, ఆ పొరలో దాగిన క్రిమిని మందు కూడా అందుకోలేదు. అప్పుడప్పుడు 80 డిగ్రీల వేడి నీళ్లు పైపుల నిండా తిప్పాలి. మా యూనిట్‌లో ఆర్వో మార్చలేదు. రబ్బరు పైపు తీసేసి వాలుగా స్టీలు గొట్టం వేశాం, పని అయ్యాక చుక్క నీరు నిలవకుండా కొసన కుళాయి పెట్టాం. ప్రతి సోమవారం మొదటి పది లీటర్లు పారబోసి ఆ తర్వాతే వాడేవాళ్లం. ఆకుపచ్చ ప్లేటు మళ్లీ కనిపించలేదు. ఖర్చు కంటే అలవాటు మార్చడమే కష్టమైంది.

ఇక ఈ యంత్రాలతో అయ్యే నీళ్ల వృథా మాటకు వద్దాం. చిన్న ఆర్వో ప్లాంట్లలో వెయ్యి లీటర్ల మంచినీళ్లు తీయడానికి ఇంచుమించు రెండు వేల లీటర్లు తోడాల్సి వస్తుంది. బోరు నీళ్లలో టీడీఎస్ వెయ్యి ఉంటే, బయటికి పోయే నీళ్లలో దాదాపు రెండు వేలు. ఆ నీళ్లతో నేల కడగొచ్చు, మరుగుదొడ్లకు వాడొచ్చు; మొక్కలకు పోస్తే మట్టి చవుడు బారుతుంది. మంచి ప్లాంటు పెట్టి నడిపితే నాలుగింట మూడు వంతులు రాబట్టొచ్చు, కానీ దానికి పెట్టుబడి, తెలిసిన మనిషి కావాలి. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఇళ్లలో ఆర్వోలు వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్నది కూడా ఈ వృథా గురించే. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకు నిలబడే బస్తీ పక్కన, ముఖానికి రాసుకునే క్రీము కోసం సగం నీళ్లు డ్రైనేజీలోకి వదలడం నాకు మింగుడు పడదు. కృష్ణా, మంజీరా నీళ్లు కుళాయికి వచ్చే యూనిట్‌కూ, వెయ్యి అడుగుల బోరు మీద బతికే యూనిట్‌కూ ఒకే యంత్రం పెట్టమనడం కూడా న్యాయం కాదు. మొదటిదానికి మెత్తబరిచే సాఫ్ట్‌నర్, సన్నని ఫిల్టరు, అతినీలలోహిత దీపం సరిపోవచ్చు. రెండోదానికి ఆర్వో తప్పదు.

పోనీ నీళ్లే లేని సరుకు? మన పెద్దవాళ్ల పద్ధతి అదే. సున్నిపిండి, శీకాయ, ఎండు కుంకుళ్లు పొడిగా డబ్బాలో ఉంటాయి. నీళ్లు కలిసేది స్నానాల గదిలో, ఆ పూటకు. ప్రిజర్వేటివ్ అవసరం రాదు. బట్టీ సబ్బు, తల నూనె కూడా ఇంచుమించు ఇదే కోవ. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు వీటిని చేసి అమ్ముతుంటే వాళ్ల మీద ఫార్మా ప్లాంటు రుద్దడం అన్యాయం, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. నన్ను కలవరపెట్టేది వేరు. అదే చేతులతో ఇప్పుడు కలబంద జెల్, పసుపు ఫేస్‌క్రీము చేయిస్తున్నారు, "కెమికల్స్ లేవు" అని చీటీ అతికిస్తున్నారు. కలబంద జెల్ అంటే ముప్పాతిక మువ్వీసం నీళ్లే. ప్రిజర్వేటివ్ వేయకుండా, నీళ్లు పరీక్షించకుండా చేసిన జెల్ వారం దాటితే ఏమవుతుందో ప్లేటు మీద చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను: అది ప్రకృతి సిద్ధమే, అందులో పెరిగే క్రిమి కూడా ప్రకృతి సిద్ధమే.

ఇన్నీ తూచాక నా తీర్పు ఇది. యంత్రం పేరు చెప్పి అందరినీ ఒకే గాటన కట్టొద్దు. తాగే నీళ్లన్న ఒక్క మాటతో సరిపెట్టొద్దు. అంకె అడగాలి. సరుకు మీద అంకె ఇప్పటికే ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17516 మామూలు ఉత్పత్తిలో గ్రాముకు 1000 దాకా సూక్ష్మజీవులను ఒప్పుకుంటుంది, కళ్ల దగ్గర వాడేవాటికి, మూడేళ్లలోపు పిల్లలవాటికి 100, సూడోమోనాస్, ఈ.కోలై, స్టెఫైలోకాకస్ ఆరియస్, క్యాండిడా గ్రాములో కనిపించనేకూడదు. సరుకుకు ఇంత పట్టింపు ఉన్నప్పుడు అందులో ముప్పాతిక భాగమైన నీళ్లకు అంకె లేకపోవడం లోపమే. ఫార్మకోపియా శుద్ధజలానికి మిల్లీలీటరుకు 100 అంటుంది. నీళ్లున్న క్రీము, లోషన్, షాంపూ చేసే ప్రతి యూనిట్‌కూ, చిన్నదైనా పెద్దదైనా, ఆ ఒక్క అంకె చాలు. కండక్టివిటీ, మిగతా హంగులు ఏ సరుకు చేస్తే దానికి తగ్గట్టు పెట్టుకోవచ్చు. చంటిపిల్లల లోషన్‌కు, కంటి కాటుకకు మాత్రం మొదటి పక్షం చెప్పినంతా చేయాల్సిందే. అక్కడ బేరం లేదు.

దీనివల్ల చిన్నవాళ్లకు భారం పడదా అంటే, కొంత పడుతుంది. వారానికోసారి ప్లేటు వేయాలి, అది చూసి చెప్పే మనిషి కావాలి. జిల్లాకో ల్యాబ్ ఆ పని చేసిపెడితే చాలామంది తట్టుకుంటారు. ఒక బ్యాచ్ చెడితే పోయే సొమ్ముతో పోలిస్తే అది తక్కువే. ఇది నేను లెక్క కట్టి కాదు, చెడిన బ్యాచ్‌ను డ్రమ్ములకెత్తి పంపించిన చేత్తో చెబుతున్నాను.

డ్రగ్ కంట్రోల్ అధికారులకు ఒక విన్నపం. తనిఖీకి వచ్చినప్పుడు ప్లాంటు ముందు నిలబడి మీటరు చూసి సంతకం పెట్టకండి. నీళ్లు వెసెల్‌లో పడే చివరి కుళాయి దగ్గరికి వెళ్లండి, అక్కడ, సోమవారం పొద్దున, మొదటి బ్యాచ్ మొదలవకముందు శాంపిల్ పట్టండి.